బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ముందు పళ్లు ఎలా కాపాడుకోవాలి

రింగ్‌కి తగిలి బంతి పైకి లేస్తుంది. కింద నలుగురైదుగురు ఒకేసారి ఎగురుతారు, అందరి చూపూ బంతి మీదే. దొరకబుచ్చుకున్నవాడు దాన్ని గడ్డం కిందికి లాక్కుని, మోచేతులు రెండూ బయటికి పెట్టి, చప్పున పక్కకు తిరుగుతాడు. వెనకున్నవాడి మూతి సరిగ్గా ఆ మోచేతి ఎత్తులోనే ఉంటుంది. ఈ ఆటలో ముందు పళ్లకు అసలు ముప్పు అక్కడ. ఆ తర్వాత చెప్పుకోవాల్సినవి సిమెంటు కోర్టు మీద బోర్లా పడటం, లేఅప్ (పరుగెత్తుకొచ్చి రింగ్ దగ్గర ఎగిరి బంతి వేయడం) వేసి ఆగలేక వెళ్లి ఇనుప పోస్టుకు గుద్దుకోవడం.

దెబ్బ ఎక్కువగా పడేది పై వరసలో నడిమి రెండు పళ్ల మీద. ఎత్తు పళ్లు ఉన్నవాళ్లకు, నోరు మూసినా పై పెదవి పళ్లను పూర్తిగా కప్పనివాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పన్నెండేళ్ల పిల్లవాడికి శాశ్వత దంతం పోతే ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతం) పెట్టించేద్దాంలే అనుకోవడానికి వీల్లేదు. దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా డాక్టర్లు ఇంప్లాంట్ జోలికి పోరు. అన్నేళ్లూ తీసి పెట్టుకునే పన్నుతోనో, పక్క పళ్లకు అతికించిన పన్నుతోనో నెట్టుకురావాలి.

దీనికి మందు మౌత్‌గార్డ్, అంటే ఆడేటప్పుడు పళ్ల మీద తొడుక్కునే మెత్తటి ప్లాస్టిక్ తొడుగు. ఈ ఆటలో అది తప్పనిసరి కాదు కాబట్టి, పెట్టుకోవాలా వద్దా అన్నది ఆటగాడికో అమ్మానాన్నలకో వదిలేశారు. కొని కూడా వారం తిరిగేసరికి కిట్ బ్యాగు అడుగున పడేసేవాళ్లు చాలామంది. ఊపిరాడట్లేదని, మాట రావట్లేదని, వాంతి వచ్చినట్టుందని అంటారు. ఈ మూడింటికీ చాలావరకు కారణం ఒక్కటే, అది నోట్లో సరిగ్గా కూర్చోలేదు. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంచెమే చెప్పి, అమర్చుకోవడం గురించి వివరంగా చెబుతున్నాం.

ఏది తీసుకోవాలి

దుకాణంలో కొని నేరుగా నోట్లో పెట్టుకునే రకం ఒకటుంది. అది ఎవరి పళ్లకూ సరిపోదు, కొరికి పట్టుకుంటే తప్ప నిలవదు. కొరికి పట్టుకుని పరిగెత్తితే ఊపిరి ఎలా ఆడుతుంది? దాన్ని వదిలేయండి.

రెండోది వేడి నీళ్లలో మెత్తబరిచి మన పళ్ల మీద అచ్చు తీసుకునేది. దుకాణాల్లో దీన్ని బాయిల్ అండ్ బైట్ అంటారు. శ్రద్ధగా అమర్చుకుంటే స్కూలు, కాలేజీ ఆటకు ఇది పనికొస్తుంది. పిల్లల సైజు, పెద్దల సైజు వేరు. పెద్దది కొని కత్తిరిద్దాం అనుకోకండి, వంపు వెడల్పే తేడాగా ఉంటుంది.

మూడోది పళ్ల డాక్టర్ దగ్గర చేయించుకునేది. పై పళ్లకు అచ్చు తీసి, దానితో ప్లాస్టర్ నమూనా పోసి, ఈవీఏ అనే ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీద పరుస్తారు. కనీసం రెండుసార్లు వెళ్లాలి, ఖర్చూ ఎక్కువే. అయినా జిల్లా, రాష్ట్ర జట్లకు ఆడేవాళ్లు, ఎత్తు పళ్లున్నవాళ్లు, ఇదివరకే ఒకసారి దెబ్బ తగిలినవాళ్లు దీనికే వెళ్లాలని మా సలహా. డాక్టర్‌ని అడగాల్సిన మాట ఒకటుంది. పళ్ల ముందు వైపు 3 మిల్లీమీటర్లు, కొరికే వైపు 2, అంగిలి వైపు 1 మిల్లీమీటరు మందం ఉండాలి. ఇది తయారైన తర్వాత ఉండాల్సిన మందం. రేకు వేడికి సాగి పలచబడుతుంది కాబట్టి 3 మిల్లీమీటర్ల రేకుతో మొదలుపెడితే చివరికి అంత మిగలదు.

రంగు విషయం కూడా ముందే చూసుకోండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నియమాలు రంగు లేని పారదర్శకమైన మౌత్‌గార్డ్‌నే ఒప్పుకుంటాయి. ఆ నియమాలతో జరిగే టోర్నమెంటుకు వెళ్లేవాళ్లు ఎర్రదో నల్లదో కొంటే మ్యాచ్ రోజున తీసేయమంటారు.

మౌత్‌గార్డ్ పై పళ్లకే పెట్టుకుంటారు. పై వరస కింది వరస కంటే ముందుకు ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ దానిదే. కింది దవడ ముందుకు ఉన్నవాళ్లకు మాత్రం లెక్క మారుతుంది, వాళ్లు డాక్టర్‌ని అడిగి చేయించుకోవాలి.

వేడి నీళ్లతో అమర్చుకునే పద్ధతి

లోతైన గిన్నె, చిల్లుల గరిటె, చల్లటి నీళ్లున్న ఇంకో గిన్నె, అద్దం, చిన్న కత్తెర, టైమర్‌కి ఫోన్. ఇవి చాలు. పిల్లలదైతే వేడి నీళ్ల పని పెద్దవాళ్లే చేయాలి. మౌత్‌గార్డ్ ప్యాకెట్ పారేయకండి. ఎన్ని సెకన్లు ముంచాలో దాని మీద ఉంటుంది, కంపెనీని బట్టి అది మారుతుంది. ఇక్కడ చెప్పేదానికీ ప్యాకెట్ మీదున్నదానికీ తేడా వస్తే ప్యాకెట్ మాటే వినండి.

1. పళ్లు తోముకోండి. వేడి చేయకముందే మౌత్‌గార్డ్‌ని పై పళ్లకు ఆనించి అద్దంలో చూడండి. రెండు కొసలూ ఆరేళ్ల వయసులో వచ్చే పెద్ద దవడ పన్నును దాటి ఆగాలి. ఇంకా వెనక్కి వెళ్లి వాంతి తెప్పిస్తుంటే రెండు వైపులా సమానంగా, ఒకసారికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించండి. ఒకేసారి ఎక్కువ కోసేస్తే మళ్లీ అతికించలేరు.

2. నీళ్లు తెర్లనిచ్చి స్టవ్ ఆపేయండి. బుడగలు అణగేదాకా అర నిమిషం ఆగండి. కింద మంట ఉండగా మౌత్‌గార్డ్ వేస్తే, గిన్నె అడుక్కి తగిలిన చోట కరిగి అంటుకుంటుంది.

3. చిల్లుల గరిటెలో పెట్టి ముంచండి, గిన్నె అడుగుకు తగలనివ్వకండి. చాలా రకాలకు 30 నుంచి 60 సెకన్లు పడుతుంది. అంచులు మెత్తబడి కొద్దిగా వాలాలి, ముందు గోడ మాత్రం నిలబడే ఉండాలి. మొత్తం ముడుచుకుపోయిందంటే ఎక్కువసేపు ఉంచినట్టు.

4. పైకి తీసి నీళ్లు వడకట్టి, చల్లటి నీళ్లలో ఒకటి రెండు సెకన్లు ముంచి తీయండి. పైనున్న వేడి పోవడానికే ఇది, లోపల మెత్తగానే ఉండాలి. నోట్లో పెట్టేముందు పెదవికి ఆనించి చూసుకోండి.

5. అద్దం ముందు నిలబడి, మౌత్‌గార్డ్ నడిమి గుర్తు రెండు ముందు పళ్ల మధ్య గీతకు వచ్చేలా పెట్టండి. రెండు బొటనవేళ్లతో దవడ పళ్ల దగ్గర పైకి నొక్కండి, తర్వాత ముందు పళ్ల దగ్గర.

6. ఇప్పుడు నోరు మెల్లగా మూసి, కింది పళ్లు మౌత్‌గార్డ్ మీద ఆనేంత మటుకే కొరకండి. లోపలి గాలి, నీళ్లు గట్టిగా పీల్చుకోండి. నాలుకతో అంగిలి వైపు నొక్కుతూ, బయటి నుంచి పెదవి మీదుగా వేళ్లతో నడిమి నుంచి చెవుల వైపుకు ఒత్తుకుంటూ వెళ్లండి. పళ్ల చుట్టూ, చిగురు అంచుదాకా ప్లాస్టిక్ అతుక్కోవాలి. 20 నుంచి 30 సెకన్లు.

7. తీసి చల్లటి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. ఆకారం బిగుసుకుంటుంది.

ఆరో మెట్టు దగ్గరే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. పేరులో కొరకడం ఉంది కదా అని బలంగా కొరుకుతారు. మెత్తటి ప్లాస్టిక్ పళ్ల కింద నుంచి పక్కకు జారిపోయి, కొరికే చోట కాగితంలా మిగులుతుంది. చూడటానికి అచ్చు బ్రహ్మాండంగా పడినట్టే ఉంటుంది, గడ్డానికి కింద నుంచి దెబ్బ తగిలినప్పుడు మాత్రం పళ్లు పళ్లకు కొట్టుకుంటాయి. ఆరిన తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఎక్కడైనా మిగతా చోట్ల కంటే బాగా పలచగా, మెరుస్తున్నట్టు కనిపిస్తే అక్కడ పోయినట్టే. ముందు గోడ మందం రూపాయి బిళ్లలు రెండు కలిపి పట్టుకున్నంత ఉండాలి.

అమరిందో లేదో తేల్చుకోవడానికి ఇలా చూడండి. నోరు పూర్తిగా తెరవండి, తల కిందికి వంచి అటూ ఇటూ ఊపండి. కొరికి పట్టుకోకుండానే నిలబడాలి. నాలుకతో నెడితే ఊడి రాకూడదు. దాన్ని పెట్టుకుని మీరు కోర్టులో అరిచే మాటలు అరిచి చూడండి, స్విచ్, హెల్ప్, స్క్రీన్ లెఫ్ట్, ఇలా. పక్కవాడికి అర్థమవ్వాలి. ఒక గుటక నీళ్లు తాగండి. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు పరిగెత్తండి. ఇవన్నీ దాటితే అది కిట్ బ్యాగు అడుక్కి చేరదు.

చిగురు ఒరుసుకుంటే ఎక్కడో వెతకండి. పై పెదవి ఎత్తితే నడిమిలో పెదవినీ చిగురునూ కలుపుతూ సన్నటి తీగలాంటి కండ కనిపిస్తుంది. మౌత్‌గార్డ్ అంచు దాన్ని నొక్కుతుంటే రెండు క్వార్టర్లు ఆడేసరికి పుండు పడుతుంది. సరిగ్గా ఆ చోట అంచులో చిన్న నొక్కు కత్తిరించండి. మిగతా చోట్ల అంచు, చిగురూ పెదవీ కలిసే మడతకు 2 మిల్లీమీటర్ల కిందే ఆగాలి. కత్తిరించిన అంచుని వేడి నీళ్లలో ముంచిన చెంచా వీపుతో రుద్దితే నునుపవుతుంది.

మొదటిసారి కుదరకపోతే చాలా రకాలను మళ్లీ ఒకటి రెండుసార్లు మెత్తబరచవచ్చు. అంతకు మించితే ప్లాస్టిక్ పట్టు పోతుంది, కొత్తది తీసుకోండి.

క్లిప్పులు ఉన్నవాళ్లు, పళ్లు మారే వయసు పిల్లలు

పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లు మామూలు బాయిల్ అండ్ బైట్ వాడకూడదు. మెత్తటి ప్లాస్టిక్ బ్రాకెట్ల (పళ్లకు అతికించే చిన్న బిళ్లల) కిందికి దూరి అక్కడే బిగుసుకుంటుంది. తీసేటప్పుడు బ్రాకెట్లు ఊడొస్తాయి. పైగా డాక్టర్ కదుపుతున్న పళ్లను అది ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. క్లిప్పుల కోసమే చేసిన సిలికాన్ మౌత్‌గార్డులు వేడి చేయకుండా పెట్టుకునేవి దొరుకుతాయి. లేదా మీకు క్లిప్పులు వేసిన డాక్టరే బ్రాకెట్ల చుట్టూ ఖాళీ వదిలి చేసిస్తారు. క్లిప్పులున్నవాళ్లకు పళ్లకంటే ముందు పెదవి లోపలి వైపు తెగుతుంది కాబట్టి, వీళ్లు మౌత్‌గార్డ్ లేకుండా ప్రాక్టీసుకు కూడా దిగకూడదు.

ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పాల పళ్లు ఊడి కొత్తవి వస్తూంటాయి. నిన్న సరిపోయిన అచ్చు మూడు నెలలకు సరిపోదు. కొత్త పన్ను దిగుతున్న చోట మౌత్‌గార్డ్ ఎత్తి పెట్టినట్టుంటే, పిల్లవాడు బిగుతుగా ఉందని చెబితే, బలవంతం చేయకుండా మార్చండి. పెద్దవాళ్లు ప్రతి సీజన్‌కు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. చిరుగు, పగులు, వదులు, ఏ ఒక్కటి కనిపించినా మార్చేయాలి.

ఆటలో, ఆట తర్వాత

మ్యాచ్ రోజున పెట్టుకుని ప్రాక్టీసులో తీసేసేవాళ్లున్నారు. వారంలో ఎక్కువ గంటలు ఆడేది ప్రాక్టీసులోనే, మోచేతులు అక్కడా అవే. వేరే చెప్పనక్కర్లేదు.

మౌత్‌గార్డ్ నములుతూ, బయటికి వేలాడదీస్తూ ఆడే అలవాటు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫెన్ కరీ నుంచి చాలామంది పిల్లలకు అంటుకుంది. నమిలితే కొసలు తెగి ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వేలాడుతున్నప్పుడు పళ్లకు రక్షణ సున్నా. చూయింగ్ గమ్ అసలే వద్దు. తీసి పెట్టుకునే పళ్లు, తీసి పెట్టుకునే రిటైనర్లు (క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా పెట్టుకునేవి) కోర్టులో దిగేముందు డబ్బాలో పెట్టేయండి.

మధ్యలో తాగడానికి మంచినీళ్లే మేలు. తియ్యటి స్పోర్ట్స్ డ్రింక్ తాగి మౌత్‌గార్డ్ పెట్టుకుంటే చక్కెర, పులుపు రెండూ పళ్లకు అంటిపెట్టుకుని ఉండిపోతాయి. తాగక తప్పకపోతే నీళ్లతో పుక్కిలించి పెట్టుకోండి.

ఆట అయ్యాక మామూలు నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, చిల్లులున్న డబ్బాలో పెట్టాలి. వేడి నీళ్లతో కడగకండి. ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డ్ మీద గానీ, స్కూటర్ డిక్కీలో గానీ వదిలేస్తే అచ్చు వంకరపోతుంది. మళ్లీ పెట్టుకునేటప్పుడు వదులుగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి. టిష్యూ కాగితంలో చుట్టి జేబులో పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. ఒకరిది ఇంకొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే.

కోర్టు సంగతి కూడా. ఫీబా నియమాల ప్రకారం బోర్డును మోసే పోస్టుకు 2.15 మీటర్ల ఎత్తుదాకా మెత్త కట్టాలి. మన స్కూలు మైదానాల్లో చాలాచోట్ల ఇనుప గొట్టం అలాగే ఉంటుంది. పాత పరుపు స్పాంజి, పైన రెక్సిన్ చుట్టి తాడుతో బిగించినా ఎంతో మేలు. రింగ్ కిందికి దించి డంక్ చేసే (ఎగిరి బంతిని చేత్తోనే రింగ్‌లోకి దించే) ఆటలో ఇంకో ప్రమాదం ఉంది. కిందికి దిగేటప్పుడు పై పళ్లు వలలో చిక్కుకుని ఊడిపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పిల్లల కోసం రింగ్ దించితే షూటింగ్ వరకే, డంక్‌లు వద్దని చెప్పండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. మౌత్‌గార్డ్ ఉంది కదా, తలకు దెబ్బ తగిలినా ఫరవాలేదు అనుకోవద్దు. అది పళ్లను, పెదవిని కాపాడుతుంది. మెదడు అదురును ఆపుతుందని దానిమీద భరోసా పెట్టుకోకూడదు.

పన్ను ఊడి కింద పడితే

ముందు మనిషిని చూడండి. స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా, మాట తడబడినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా పన్ను సంగతి తర్వాత. 108కి ఫోన్ చేయండి. మనిషి బాగానే ఉంటే అప్పుడు పన్ను వెతకండి. ఎంత వెతికినా దొరకకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఎక్స్‌రే తీయించాలి, ముఖ్యంగా దగ్గు వస్తుంటే.

పాల పన్నయితే తిరిగి పెట్టకూడదు, లోపల దిగబోయే శాశ్వత దంతానికి దెబ్బ. ఊడిన పాల పన్నును ఇంటి కప్పు మీదకు విసరడం మన ఇళ్లలో అలవాటే, అది చేసుకోవచ్చు. శాశ్వత దంతానికి మాత్రం ఇలా చేయండి.

పన్నును తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి. పసుపుగా, పొడుగ్గా ఉన్న వేరును ముట్టుకోకండి. దాని చుట్టూ కంటికి ఆనని సన్నటి పొర ఉంటుంది, పన్ను మళ్లీ ఎముకకు అతుక్కోవాలంటే ఆ పొర బతికుండాలి. చొక్కాతో తుడవడం, గీకడం, సబ్బు, డెటాల్, పసుపు, కాఫీ పొడి, ఇవేవీ వద్దు. మట్టి ఉంటే చల్లటి పాలలో రెండు మూడుసార్లు కదిపి తీయండి. పాలు లేకపోతే తాగే నీళ్లు పది సెకన్లకు మించకుండా పోయండి.

కుదిరితే అక్కడికక్కడే దాని గుంటలో తిరిగి పెట్టేయండి. నునుపుగా ఉబ్బెత్తుగా ఉన్న వైపు పెదవి వైపుకు, లోపలికి కొద్దిగా గుంటగా ఉన్న వైపు నాలుక వైపుకు రావాలి. వేలితో మెల్లగా, పక్క పన్ను ఎత్తుకు వచ్చేదాకా నొక్కి, మడిచిన చేతి రుమాలును కొరికి పట్టుకోమనండి. దెబ్బ తగిలిన పావుగంటలోపు ఇది చేయగలిగితే పన్ను నిలిచే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. బయట ఆరిపోతూ గంట దాటితే వేరు మీది పొర చచ్చిపోతుంది. అప్పుడు కూడా డాక్టర్ తిరిగి పెట్టవచ్చు, కానీ కొన్నేళ్లకు ఆ వేరు అరిగిపోవడం మామూలు.

పెట్టడానికి ధైర్యం చాలకపోతే పాలలో వేసి పరుగెత్తండి. పక్క కిరాణా కొట్లో దొరికే చల్లటి పాల ప్యాకెట్ చాలు. కాచిన వేడి పాలు, మజ్జిగ, పెరుగు పనికిరావు. కొబ్బరి నీళ్లకు పులుపు గుణం ఉంటుంది, పాలు దొరికేచోట వాటి జోలికి వెళ్లకండి. ఏదీ లేకపోతే దెబ్బ తగిలినవాళ్లనే గ్లాసులో ఉమ్మమని ఆ ఉమ్మిలో పన్ను ఉంచండి. మామూలు నీళ్లలో నానబెట్టడం మంచిది కాదు, అయినా పొడిగా జేబులో వేసుకోవడం కంటే నయం.

విరిగిన ముక్కను కూడా పారేయకండి, పాలలోనో నీళ్లలోనో వేసి తీసుకెళ్తే చాలాసార్లు దాన్నే అతికిస్తారు. పన్ను లోపలికి దిగబడితే లాగే ప్రయత్నం చేయకండి, అది డాక్టర్ పని. దగ్గరలో పళ్ల డాక్టర్ ఎవరు, ఆదివారం సాయంత్రం ఎవరు దొరుకుతారు అన్నది కోచ్ ఫోన్‌లో ముందే ఉండాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. మీకు దగ్గరున్నదానికి ఒకసారి వెళ్లి అత్యవసరంగా వస్తే ఏ గేటు, ఏ గది, ఏ వేళలు అని కనుక్కుని ఉంచుకోండి.

డాక్టర్ పన్నును పక్క పళ్లకు సన్నటి తీగతో రెండు వారాలు కట్టి ఉంచుతారు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. వేరు పూర్తిగా ఎదిగిన పన్నయితే ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. అప్పటిదాకా మెత్తటి అన్నం, ఇడ్లీ, పెరుగు లాంటివి తినాలి, మెత్తటి బ్రష్ వాడాలి, ఆటకు దూరంగా ఉండాలి. కోర్టుకు ఎప్పుడు తిరిగి వెళ్లాలో డాక్టరే చెప్పాలి. వెళ్లేటప్పుడు పాత మౌత్‌గార్డ్ పెట్టుకోకూడదు. తిరిగి పెట్టిన పన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా పాత అచ్చు దాన్ని నొక్కుతూనే ఉంటుంది. కొత్తది చేయించుకోండి, ఈసారి డాక్టర్ దగ్గరే.